లారీల లెక్కకు కంప్యూటరు

ఈసారి మా ఇంటి సంగతే చెప్పదలిచాను. బళ్ళు తిప్పి బతికే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి గనక, నాలుగిళ్ళకైనా పనికొస్తుందని ఆశ.

మా నాన్నగారు బరంపురంలో ఒక్క లారీతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. ఆయన కాలంలో లెక్కంతా ఎర్ర అట్ట పుస్తకంలోనే. డ్రైవరు తిరిగి రాగానే డీజిల్ బిల్లు, టోల్ చీటీలు, బత్తా లెక్క చెప్పేవాడు, గుమాస్తా రాసుకునేవాడు. ఇప్పుడది చాలదు. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు వచ్చింది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. ఇన్సూరెన్సు, పర్మిట్టు, పొల్యూషన్ కాగితం సరేసరి. ఒక్క తేదీ మరిచినా బండి రోడ్డు మీద ఆగిపోతుంది.

అందుకని మా పెద్దవాడు సాఫ్ట్‌వేర్ పెడదామన్నాడు. కంపెనీ మనిషి వచ్చి, తెర మీద లారీలు చీమల్లా కదలడం చూపించాడు. మేము మురిసిపోయి ఎనిమిదింటికీ ఏడాది డబ్బు ముందే కట్టేశాం. డీజిల్ ట్యాంకుల్లో సెన్సార్లు కూడా పెట్టారు.

నెల తిరక్కుండానే ఒక రాత్రి ఫోను మోగింది. తప్తపాణి ఘాటీలో ఆగిన మా బండిలో 30 లీటర్ల డీజిల్ తగ్గిందట. మావాడు ముందూ వెనకా చూడకుండా డ్రైవరుకు ఫోను చేసి, "ఎక్కడ తీశావు?" అని అడిగేశాడు. నాన్నగారి కాలం నుంచి ఉన్న మనిషి ఆయన, ఇచ్ఛాపురం వైపు వాడు. రాయగడ నుంచి తిరిగి వచ్చి తాళం బల్ల మీద పెట్టాడు. "బాబూ, పెద్దబాబుగారి రోజుల నుంచి ఈ స్టీరింగు పట్టాను. నా మాట కంటే ఆ డబ్బా మాట ఎక్కువైతే ఇదిగో తాళం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు నాన్నగారి పద్ధతి గుర్తొచ్చింది. బయలుదేరేటప్పుడు ట్యాంకు నిండా పోయించడం, తిరిగొచ్చాక అదే బంకులో మళ్ళీ నింపడం. మేమిప్పటికీ మానలేదు. బండి తిరిగింది 420 కిలోమీటర్లు, నింపితే పట్టింది 105 లీటర్లు. అంటే లీటరుకు 4, ఆ బండి ఎప్పుడూ ఇచ్చేదే. 30 లీటర్లు నిజంగా పోయి ఉంటే 135 పట్టాలి కదా! జరిగిందేమిటంటే, వాలులో బండి ఆపితే డీజిల్ ట్యాంకులో ఒక పక్కకు ఒరుగుతుంది, సెన్సారు ఉన్న చోట మట్టం తగ్గినట్టు కనిపిస్తుంది.

మావాడు ఆయన ఇంటికి వెళ్ళి, "తప్పు నాదే బాబాయ్" అన్నాడు. ఆయన తాళం తీసుకున్నాడు. కాని మునుపటిలా మా ఇంట్లో కూర్చుని టీ తాగడానికి రెండు నెలలు పట్టింది.

ఏడాది గడిచాక కంపెనీ మార్చాం. ఈసారి ముందు డ్రైవర్లనూ గుమాస్తానూ కూర్చోబెట్టి, మనకు రోజూ వచ్చే ఇబ్బందులేమిటో కాగితం మీద రాశాం. తర్వాత రెండు బళ్ళకే ఒక నెల పెట్టి చూశాం. తెలుగులో, ఒడియాలో కనిపిస్తుందా? సిగ్నల్ లేని కొండ దారిలో వివరాలు దాచుకుని తర్వాత పంపుతుందా? ట్యాంకులో కొలిచిన డీజిల్ పోసి సెన్సారు సరిచూస్తారా? పరికరం, సిమ్ము, బిగింపు కూలీ కలిపి బండికి ఏడాదికెంత? మేము మానుకుంటే మా పాత లెక్కలన్నీ మా చేతికిస్తారా? ఇవన్నీ అడిగి రాయించుకున్నాం.

ఈ-వే బిల్లు గడువు సంగతి కూడా చూశాం. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, ఆపైన ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో కొంత దూరానికైనా, మరో రోజు. దారిలో బండి చెడితే, గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల లోపల పొడిగించుకోవాలి. ఇది ముందే గుర్తు చేసేదే మాకు కావలసింది.

ఇప్పుడు డీజిల్ తగ్గిందని ఫోను మోగితే మావాడు, "బాబాయ్, బండి ఎక్కడ ఆపారు?" అని అడుగుతాడు. కంప్యూటరు లెక్క చెబుతుంది. మనిషిని ఎరిగి ఉండవలసింది మాత్రం మనమే.

మీ అనుభవాలు కూడా రాయండి. వచ్చే సంచికలో కలుసుకుందాం.