ఆగస్టు 29 మనల్ని అడిగే మూడు ప్రశ్నలు



రోజూ ఉదయం అసెంబ్లీలో మన విద్యార్థి ఒకరు 'చరిత్రలో ఈ రోజు' చదువుతారు. ఎవరు పుట్టారు, ఏ సంవత్సరంలో ఏం జరిగింది అంటూ రెండు నిమిషాల్లో పది పేర్లు అయిపోతాయి. చాలాసార్లు ఆ చీటీ ముందు రోజు రాత్రి మీరు ఫోన్లో వెతికి రాసిచ్చిందే. క్లాసులోకి వచ్చాక అడిగితే ఒక్క పేరైనా గుర్తున్నవాళ్లు తక్కువ. ఇందులో పిల్లల తప్పు లేదు. పేరు, సంవత్సరం తప్ప వాళ్ల చేతికి ఇంకేమీ అందలేదు.

ఆ తేదీన పుట్టిన మనిషి ఏం చేశారు, ఆ పని మన ఇంట్లో ఎక్కడ కనిపిస్తోంది అని పిల్లలతో మాట్లాడితేనే ఆ చీటీకి విలువ అని నా అభిప్రాయం. ఈ నెలలో వచ్చే ఆగస్టు 29నే తీసుకుందాం.

1863లో ఆ రోజు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో గిడుగు వెంకట రామమూర్తి గారు పుట్టారు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి అయితే చదువు ఎలా ఒంటబడుతుందని వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

1905లో అదే తేదీన అలహాబాద్‌లో ధ్యాన్ చంద్ పుట్టారు. సైన్యంలో చేరాక హాకీలో రాటుదేలి 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో మన జట్టుకు మూడు స్వర్ణాలు రావడంలో ముందున్నారు. అందుకే అది జాతీయ క్రీడా దినోత్సవం కూడా.

ఇంకా వెనక్కి వెళ్తే, 1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప రింగుకు రెండు వైపులా తీగలు చుట్టారు. ఒక వైపు తీగకు బ్యాటరీ కలపగానే రెండో వైపు మీటరు ముల్లు ఒక్క క్షణం కదిలింది. మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఆ సూత్రంతోనే. ఫారడే కమ్మరి కొడుకు. బైండింగ్ షాపులో పనిచేస్తూ, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నారు.

అలాగని ఆ తేదీలో మహిమేమీ లేదు. సోవియట్ యూనియన్ తొలి అణుబాంబు పేల్చింది 1949 ఆగస్టు 29న. ఆ పరీక్షా స్థలాన్ని కజకిస్తాన్ మూసేసింది కూడా 1991లో అదే తేదీన. రోజు ఒకటే, మనుషులు చేసిన పనులు వేరు. పిల్లలకు చెప్పాల్సింది ఇదే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. గిడుగు వారి పుట్టినరోజు అడిగే మొదటి ప్రశ్న: ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నాం? పేరెంట్స్ మీటింగులో చాలామంది "ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమంటారా మేడమ్?" అని అడుగుతుంటారు. ఇంగ్లిష్ మీడియం టీచర్‌గా నా జవాబు, అక్కర్లేదు. ఇంగ్లిష్ నేర్పే పని మాకు వదిలేయండి. జరిగిన విషయాన్ని తెలుగులో వరసగా చెప్పగలిగిన పిల్లలకు ఇంగ్లిష్‌లో పేరాగ్రాఫ్ రాయడం తేలికవుతుంది. క్లాసులో ఇది రోజూ చూస్తున్నాను.

రెండో ప్రశ్న: మన పిల్లలు రోజుకు ఎంతసేపు చెమట పట్టేలా ఆడుతున్నారు? పరీక్షలు దగ్గరపడితే ముందుగా పోయేది గేమ్స్ పీరియడే. సిలబస్ ఎంతవరకు అయిందని బడికి చాలా ఫోన్లు వస్తాయి. గేమ్స్ పీరియడ్ తీసేయకండని కూడా నాలుగు ఫోన్లు వస్తే ఆ పీరియడ్ నిలబడుతుంది.

మూడో ప్రశ్న: ఈ నెలలో మన పిల్లలు సొంత చేత్తో ఏం చేసి చూశారు? ఫారడే నియమాన్ని పదో తరగతి పిల్లలు గడగడా అప్పజెప్తారు. అయితే తాతయ్య పాత సైకిల్ డైనమో ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే బయటికి తీయండి. చక్రం తిప్పితే బల్బు ఎందుకు వెలుగుతుందో వాళ్లనే చెప్పనివ్వండి. అప్పజెప్పడానికి, అర్థం కావడానికి తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఒక చిన్న విన్నపం. ఈసారి ఆగస్టు 29 కోసం చీటీ మీరు రాయకండి. ముగ్గురిలో ఒకరిని పిల్లలనే ఎంచుకోనివ్వండి. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర ఆ ఒక్కరి గురించి వాళ్లు చెబితే మీరు వినండి. ఎందుకు, ఎలా అని రెండు ప్రశ్నలు అడగండి. సంవత్సరం మర్చిపోయినా ఫరవాలేదు. పేర్లు పది అక్కర్లేదు, అసెంబ్లీకి ఒక్కటి చాలు.

– ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం