అంగళ్ల అద్దె... పేటకే పెట్టుబడి!

లండన్‌లో థేమ్స్‌ నది దక్షిణపు ఒడ్డున నడుస్తుంటే ఓ బురుజు కనిపిస్తుంది. దాని కిటికీలు చిత్రంగా ఉంటాయి. పైన గుండ్రంగా ఒకటి, మధ్యలో ఇంటూ గుర్తులా ఒకటి, కింద మళ్లీ గుండ్రంగా ఇంకొకటి. కలిపి చదివితే... ఆక్సో! మాంసం సారంతో ‘ఆక్సో’ బిళ్లలు తయారుచేసే కంపెనీ 1920ల చివర్లో ఆ కట్టడాన్ని తన గిడ్డంగిగా మార్చుకుంది. బురుజు మీద ప్రకటన దీపాలు పెడతామంటే అనుమతి రాలేదు. ‘ప్రకటన వద్దంటే వద్దు, కిటికీలు పెట్టుకోవచ్చుగా’ అనుకున్నాడు ఆర్కిటెక్టు ఆల్బర్ట్‌ మూర్‌. కిటికీలనే అక్షరాలు చేసేశాడు!

సరదా కథే. కానీ ఆ బురుజు కింద జరిగిన అసలు కథ అంతకన్నా ఆసక్తిగా ఉంటుంది.

20వ శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో దాదాపు 50 వేల మంది ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డాయి. తర్వాత కార్ఖానాలు, రేవు పనులు పోయాయి. వాటి వెనకే జనం! 1970ల మొదటికి మిగిలింది నాలుగు వేల మంది. పిల్లల్లేక బళ్లు, బేరాల్లేక కొట్లు మూతపడ్డాయి. నది ఒడ్డున, నగరం నడిబొడ్డున ఖాళీ స్థలం ఉంటే బిల్డర్లు ఊరుకుంటారా? యూరప్‌లోనే ఎత్తైన హోటలు కడతామని, లక్షల చదరపు అడుగుల్లో ఆఫీసులు కడతామని వరసగా వచ్చారు.

మిగిలిన ఆ కొద్దిమందీ ‘మాకు ఆఫీసులొద్దు, ఇళ్లు కావాలి. పార్కు కావాలి. కొట్లు కావాలి’ అన్నారు. 1977లో కాయిన్‌ స్ట్రీట్‌ కార్యాచరణ బృందంగా ఏర్పడ్డారు. వద్దు అని ఊరుకోలేదు వాళ్లు, తమ ప్లాను తామే గీయించుకున్నారు. రెండుసార్లు బహిరంగ విచారణ జరిగింది. చివరికి ప్రభుత్వం చేసిన పని చూడండి, బిల్డర్ల ప్లానుకీ అనుమతి ఇచ్చింది, జనం ప్లానుకీ ఇచ్చింది! ఇక స్థలం ఎవరి చేతికొస్తే వాళ్లదే గెలుపు. 1984లో బిల్డరు తన వాటాను నగర పాలక సంస్థ ‘గ్రేటర్‌ లండన్‌ కౌన్సిల్‌’కి అమ్మేసి తప్పుకున్నాడు. కౌన్సిల్‌ మొత్తం స్థలాన్ని స్థానికులు పెట్టుకున్న ‘కాయిన్‌ స్ట్రీట్‌ కమ్యూనిటీ బిల్డర్స్‌’కి అమ్మింది. పదమూడు ఎకరాలు... పది లక్షల పౌండ్లు!

నది ఒడ్డున అంత తక్కువకా అనుకుంటున్నారా? కిటుకంతా దస్తావేజుల్లో ఉంది. ఆ నేలను ఇళ్లకూ పార్కుకూ స్థానికుల అవసరాలకే వాడాలని షరతులు రాశారు. ఆఫీసు కట్టడానికి వీల్లేని నేలకు ఆఫీసు ధర ఎవరిస్తారు! రేటు దానంతటదే దిగొచ్చింది. నన్నడిగితే ఈ కథలో నినాదాల కంటే ఊరేగింపుల కంటే గట్టిపని చేసింది ఈ షరతుల కాగితమే. ఆలస్యం చేసి ఉంటే అదీ దక్కేది కాదు. రెండేళ్లు తిరక్కుండానే, 1986లో ఆ కౌన్సిల్‌నే రద్దు చేసేశారు.

స్థలం సరే, కొన్నది అప్పు చేసి. అది తీరాలిగా. ఇళ్లు లేచేలోగా ఖాళీ జాగాల్లో కార్ల పార్కింగు పెట్టి డబ్బు రాబట్టారు. శిథిలాలు తీసేసి నది వెంట నడకదారి పూర్తిచేశారు, పార్కు వేశారు. ఉద్యమంలో తిరిగిన బెర్నడెట్‌ స్పెయిన్‌ అనే స్థానికురాలి పేరే ఆ పార్కుకి పెట్టారు.

ఇక దుకాణాల సంగతి. పక్కనే పాత గ్యారేజీలుంటే కూలగొట్టలేదు. గోడల మీద తలుపులూ కిటికీలూ మేడలూ ఉన్నట్టు భ్రమగొలిపే బొమ్మలు వేయించి, 1988లో ‘గేబ్రియల్స్‌ వార్ఫ్‌’ పేరుతో చిన్న చిన్న కొట్లు తెరిచారు. తాత్కాలికం అనుకున్నదే జనానికి తెగ నచ్చేసింది. తర్వాత ఆక్సో కట్టడం వంతు. 1996లో అది కొత్త రూపంలో తెరుచుకుంది. కింది అంతస్తుల్లో నగలు, బట్టలు, పింగాణీ వస్తువులు తయారుచేసేవాళ్ల స్టూడియోలు. అక్కడే చేయాలి, అక్కడే అమ్మాలి. ఎనిమిదో అంతస్తులో హార్వీ నికల్స్‌ వాళ్ల ఖరీదైన రెస్టారెంటు. మరి మధ్యలో? సహకార సంఘం కింద 78 ఫ్లాట్లు, అదీ మామూలు ఆదాయాలవాళ్లకి!

పైన గొప్పవాళ్ల భోజనం, కింద పర్యాటకుల బేరం... ఆ అద్దెల్లో మిగిలింది సంస్థ మళ్లీ ఆ పేట కోసమే ఖర్చుపెట్టాలి. లాభం పంచుకునే వాటాదారులు లేరు. సంస్థ సభ్యులంతా స్థానికులే. ఫ్లాట్లలో ఉండేవాళ్లు తమ సహకార సంఘాన్ని తామే నడుపుకోవాలి. ఫ్లాటును సొంతానికి కొనుక్కోవడం, లాభానికి అమ్ముకోవడం మాత్రం కుదరదు. పిల్లలకు ఆస్తిగా ఏం మిగులుతుంది అని మనవాళ్లెవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే. కాకపోతే, ఆ వీలు ఉండి ఉంటే నది కనిపించే ఫ్లాట్లు మామూలు కుటుంబాల చేతుల్లో ఎంతకాలం ఉండేవి?

అంతా సాఫీగా ఏమీ లేదు. ఎత్తైన హోటలు వద్దని మొదలైన ఉద్యమంలోంచి పుట్టిన ఆ సంస్థే తర్వాత డూన్‌ స్ట్రీట్‌లో 43 అంతస్తుల టవర్‌ కడతానంది! ఫ్లాట్లు అమ్మి ఆ డబ్బుతో ఈత కొలను, ఆటల కేంద్రం కట్టాలని లెక్క. కానీ ఆ టవర్‌లో తక్కువ అద్దె ఇళ్లు లేవు. స్థానికుల్లోనే కొందరు భగ్గుమన్నారు. పాత కట్టడాల అందం చెడుతుందని వారసత్వ సంస్థ ‘ఇంగ్లిష్‌ హెరిటేజ్‌’ అడ్డుపడింది. విచారణాధికారి వద్దన్నా 2008లో మంత్రి సరేనన్నారు. గొడవ హైకోర్టుకెక్కింది, 2009లో తీర్పూ టవర్‌ వైపే వచ్చింది. ‘ఈత కొలను కావాలంటే డబ్బెక్కణ్నుంచి తెస్తాం’ అన్నది సంస్థ వాదన. పాతికేళ్ల కిందట బిల్డర్లు చెప్పిన మాటలూ ఇంచుమించు ఇలాగే ఉండేవి.