నెట్ లేని రోజు రాతే అసలు రికార్డు

పై వీడియోలో కంపోస్టు షెడ్డు స్తంభానికి వేలాడే నోటుపుస్తకం చూసి, "ఫోన్లో ఎక్కిస్తూ మళ్లీ ఇదెందుకండీ?" అని కొందరు అడిగారు. మిచాంగ్ తుఫాను నేర్పిన పాఠం అది.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు కరెంటు పోయింది, వెనకే టవరూ పోయింది. చెత్త మాత్రం ఆ వారమే ఎక్కువ: పడిపోయిన అరటి బోదెలు, మార్కెట్లో కుళ్లిన కూరగాయలు. ట్రాక్టర్ బ్యాటరీకి ఫోన్ తగిలించి మరీ ప్రతి లోడూ యాప్‌లో కొట్టాను. నెట్ రాగానే అన్నీ ఎక్కాయి, అన్నిటికీ ఒకటే తేదీతో. ఎక్కిన రోజుది!

మా పీజీఎస్ గ్రూపు తనిఖీకి వచ్చినప్పుడు ఒక బాబాయ్ అడిగాడు: "ఏరా అబ్బాయ్, ఒక్కరోజులో ఆరు లోడ్లా?" జవాబుంది గానీ రుజువు లేదు. పీజీఎస్‌లో ఒకరి పొలం ఒకరం చూసి సంతకం పెడతాం. నా లెక్క తేడా పడితే వాళ్ల సంతకానికీ మచ్చే. షెడ్డులో పనిచేసే అక్క గోడ క్యాలెండర్ మీద రోజూ గీసిన గీతలే నన్ను గట్టెక్కించాయి.

నెట్ పోవడం మన చేతిలో లేదు. కానీ నాలుగు రోజులాగి, గుర్తున్నంత రాసి పాత తేదీ వేస్తే మాత్రం అది దొంగ లెక్కే అంటాను. నష్టం కూడా మనకే. కుప్ప వయసు తప్పితే మాగని ఎరువు పొలంలో పడుతుంది, చెదలూ వేరుపురుగూ వెంట వస్తాయి.

ఇప్పుడు లోడు దించకముందే పుస్తకంలో రాస్తాం: వరుస నంబరు, తేదీ, టైము, ఎక్కడి నుంచి, బరువు, ఏ కుప్ప. ప్లాస్టిక్ ఏరాక అదెంతో పక్కన. బండి తెచ్చినతని సంతకం. మా కాటా కరెంటుది, అది పనిచేయకపోతే "8 గంపలు, అంచనా" అని రాస్తాం. తప్పు పడితే ఒక్క గీత కొట్టి సంతకం, వైట్‌నర్ వద్దు. పేజీకి ఫోటో తీస్తాం, కెమెరాకి నెట్ అక్కర్లేదు కదా. నెట్ వచ్చాక అసలు తేదీతో ఎక్కిస్తాం. యాప్ ఒప్పుకోకపోతే రిమార్క్స్‌లో పుస్తకం నంబరు, ఆలస్యానికి కారణం రాస్తాం.

యాప్‌లు చేసేవాళ్లు జరిగిన తేదీకి, ఎక్కించిన తేదీకి వేర్వేరు గడులివ్వాలి. మీ గ్రూపుల్లోనూ గట్టిగా అడగండి.

అన్నట్టు, పుస్తకానికి జెల్ పెన్ను కట్టకండి. వానకి తడిస్తే రాసిందంతా పోతుంది.