జాకీ ఎత్తే ముందు ఒక్క మాట

హోసూరు, బళ్లారి, కోలారు, రాయగడ... ఊరేదైనా తెలుగు మాట వినిపించే మెకానిక్ షెడ్డు ఒకటి రోడ్డు పక్కన ఉండనే ఉంటుంది. టైర్ల కొట్టు, వెల్డింగ్ షాపు, కమాన్ కట్టలు సరిచేసే కొలిమి దాన్ని ఆనుకునే ఉంటాయి. ఈ షెడ్లలో ఇన్నాళ్లూ వినపడింది కమాన్ పట్టీల మాటే. ఇప్పుడు దానికి కాయిలోవర్ అనే కొత్త మాట తోడైంది. పికప్ ట్రక్కు ముందు చక్రాల దగ్గర కంపెనీ ఇచ్చిన స్ప్రింగు, షాకబ్జర్ తీసేసి, ఎత్తూ బిగువూ మార్చుకోవడానికి వీలున్న జతను బిగించుకోవడమే ఈ పని. కిట్టు పార్సిల్లో తెప్పించుకుని, ఆదివారం పూట ఇంటి ముందే జాకీ ఎత్తి కానిచ్చేద్దామనుకునే వారూ ఉన్నారు.

సొంత బండిని సొంత చేత్తో బాగు చేసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. సరిహద్దు ఊళ్లలో ఎంతోమంది మేస్త్రీలు ఏ కాలేజీకీ పోకుండా, పానా పట్టుకునే పని నేర్చుకున్నారు. కాకపోతే ముందు చక్రం దగ్గర పనంటే సీటు కవరు మార్చడం లాంటిది కాదు. స్టీరింగూ అక్కడే, బ్రేకు భారం ఎక్కువగా పడేదీ అక్కడే. ఈ పని ఎందుకు చేస్తున్నాం, ఎలా చేస్తున్నాం, చేశాక ఎవరికి చూపిస్తున్నాం అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా జాకీ ఎత్తకూడదు.

దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

పేరు కొత్తదే గానీ వస్తువు కొత్తది కాదు. షాకబ్జర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు తొడిగిన జతే కాయిలోవర్. బయట దొరికే ఖరీదైన రకాల్లో షాకబ్జర్ ఒంటికి మరలు ఉంటాయి. వాటి మీద తిరిగే రింగును పైకీ కిందికీ తిప్పితే బండి ముందు భాగం ఎత్తు మారుతుంది. గతుకుల్లో చక్రం ఎగిరి పడకుండా అదుపులో ఉండటం, ముందు బరువైన బంపరో, వించో బిగించినప్పుడు కుంగిన ముక్కు మళ్లీ లేవడం దీని వల్ల కలిగే మేలు. కొండ దారుల్లో, మట్టి రోడ్ల మీద తిరిగే బండికి అది నిజమైన మేలే.

అయితే ఇది అన్ని బళ్లకూ పనికొచ్చే సరుకు కాదు. ముందు చక్రాలు రెండూ విడివిడిగా ఆడుతూ, కాయిల్ స్ప్రింగుల మీద నిలిచే బళ్లకే ఇది సరిపోతుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారం నుంచి వచ్చిన వీ-క్రాస్ అలాంటిది. దాని ముందు భాగం కాయిల్ స్ప్రింగుల మీద, వెనక భాగం కమాన్ కట్టల మీద నిలుస్తుంది. అదే 2005లో వచ్చిన టాటా ఏస్ ముందు భాగంలో ఉండేది ఒకే ఇరుసు, దాని కింద కమాన్ పట్టీలు. అలాంటి బండికి కాయిలోవర్ తగిలించాలంటే చాసిస్‌కే కోత, అతుకు తప్పవు. ఆ పనికి ఇంటి ముంగిలి చాలదు, రోడ్డు పక్క షెడ్డూ చాలదు.

చాలామంది పొరపడేది ఇంకొకటి ఉంది. స్ప్రింగు గట్టిదైతే బండి ఎక్కువ బరువు మోస్తుందన్నది వాళ్ల లెక్క. అది తప్పు. బండి ఎంత మోయాలో ఒక్క స్ప్రింగుతో తేలదు. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు, చాసిస్ అన్నీ కలిసి తేల్చేది అది. ఆ అంకెను కంపెనీ ప్లేటు మీద కొట్టి, ఆర్సీలో రాసి ఇస్తుంది. పైగా పికప్పులో సరుకు బరువు ఎక్కువగా పడేది వెనక ఇరుసు మీద. ముందు స్ప్రింగు మార్చి టమాటా క్రేట్లు మరో పాతిక ఎక్కిస్తామంటే అది చెప్పులు మార్చి తలమీద మూట పెంచినట్టే.

అదనపు పట్టీ వెనక ఉన్న కథ

అందుకే ముందు మార్చినవాళ్లు ఆ వెంటనే వెనక కమాన్ కట్టకు ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయిస్తారు. బండి కుంగదు కాబట్టి లోడు తక్కువే ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చాలా వాణిజ్య వాహనాల్లో వెనక బ్రేకులకు పోయే ఒత్తిడిని లోడును బట్టి సర్దే వాల్వు ఒకటి ఉంటుంది. ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య దూరం ఎంత తగ్గిందో చూసి అది పని చేస్తుంది. బండి కుంగితే లోడు ఉందని గ్రహించి వెనక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు పెంచి బండి కుంగకుండా చేస్తే వాల్వు మోసపోతుంది. సరుకు నిండా ఉన్నా ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకును తగ్గించి ఉంచుతుంది. ఘాట్ దిగేటప్పుడు "బ్రేకు పట్టలేదన్నా" అని డ్రైవరు మొత్తుకుంటే, తప్పు అతని కాలిది కాకపోవచ్చు. మూడు నెలల కింద వేయించిన పట్టీది కావచ్చు.

రోడ్డు సంగతీ చెప్పుకోవాలి. అమెరికాలోని ఇల్లినాయిలో 1958 నుంచి 1960 దాకా రోడ్ల మీద లారీలు తిప్పి చేసిన పరీక్షల్లో ఒక లెక్క తేలింది. ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 10 టన్నులు మోయాల్సిన ఇరుసు 12 టన్నులు మోస్తే బరువు పెరిగేది 20 శాతమే, నష్టం మాత్రం రెండింతలు దాటుతుంది. ఆ గుంతల్లోనే మన స్ప్రింగులు విరుగుతాయి. విరిగిన స్ప్రింగు బదులు ఇంకా గట్టిది వేయిస్తాం. ఈ గానుగ అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో చేస్తే ఏం చూసుకోవాలి

లోడు కోసం కాకుండా, పాత షాకబ్జర్లు కారిపోయినందుకో, దారి మరీ గతుకులైనందుకో మార్చుకునేవారు కొన్ని విషయాలు మరువకూడదు. మొదటిది నేల. మట్టి నేల మీద, వాలు మీద ఈ పని పెట్టుకోవద్దు. వెనక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, చాసిస్ కింద స్టాండ్లు నిలిపాకే చక్రం ఊడదీయాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద దూరడం ప్రాణంతో చెలగాటం. ఇటుకలు, రాళ్లు స్టాండ్లు కావు.

రెండోది స్ప్రింగు. బయటికి మౌనంగా కనిపించే ఆ స్ప్రింగు బిగించి కట్టిన విల్లు లాంటిది. మిల్లీమీటరు నొక్కడానికి 10 కిలోల బలం కావలసిన స్ప్రింగు 50 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉందంటే దానిలో దాగిన బలం 500 కిలోలు. షాకబ్జర్ తల మీది నడిమి నట్టు విప్పితే ఆ బలమంతా ఒక్కసారిగా బయట పడుతుంది. జత మొత్తాన్ని బండి నుంచి దించడానికి చుట్టూ ఉన్న చిన్న నట్లు విప్పితే చాలు, నడిమి నట్టు జోలికి పోనక్కర్లేదు. పాత స్ప్రింగును విడదీయాల్సి వస్తే స్ప్రింగును నొక్కి పట్టే సరైన పరికరం ఉన్న షెడ్డుకే తీసుకెళ్లాలి. తాళ్లు, గొలుసులు కట్టి విప్పే పద్ధతి ఎన్నిసార్లు కలిసొచ్చినా పద్ధతి అనిపించుకోదు. ఇంట్లో చేసుకునేవారికి ముందే కూర్చి వచ్చే జత అయితేనే మేలు.

మూడోది వేలాడే భాగాలు. బ్రేకు క్యాలిపర్‌ను దాని గొట్టం మీదే వేలాడనిస్తే గొట్టం లోపల చిట్లుతుంది, పైకి కనబడదు. దాన్ని తీగతో పైకి కట్టి ఉంచాలి. ఏబీఎస్ వైరు లాగబడకుండా చూసుకోవాలి. కింది ఆర్మ్ బుష్షుల బోల్టులను చక్రం గాలిలో ఉండగా గట్టిగా బిగిస్తే, బండి కిందికి దిగాక బుష్షులు మెలిపడి తొందరగా చిరుగుతాయి. చివరి బిగింపు బండి తన బరువు మీద నిలిచాకే జరగాలి. అదీ కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. ఒకసారి వాడిన లాక్ నట్లు, పిన్నులు మళ్లీ వాడకూడదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూసుకోవాలి.

నాలుగోది అలైన్‌మెంటు. ముందు భాగం ఎత్తు మారితే చక్రాల వంపు, స్టీరింగ్ కోణం, రెండు చక్రాలు చూసే దిశ మూడూ మారతాయి. అలైన్‌మెంటు చేయించకుండా తిరిగితే కొత్త టైరు ఒక పక్క అరిగిపోతుంది, బండి ఒక వైపు లాగుతుంది. ఎత్తు మరీ పెంచితే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలో ముందు చక్రాలకు శక్తి అందించే షాఫ్టుల కీళ్లు అడ్డదిడ్డమైన కోణంలో తిరిగి అరుగుతాయి. హెడ్‌లైటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ముక్కు లేచిన బండి వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. రాత్రి పూట ఇరుకు రోడ్డు మీద ఎదురొచ్చే మోపెడ్ వాడికి ఆ వెలుగులో ఏం కనిపిస్తుంది? అందుకే అలైన్‌మెంటుతో పాటు లైట్ల దిశ కూడా సరిచేయించాలి.

చట్టం ఏమంటోంది

చేయి తిరిగిన మేస్త్రి చేసినా చట్టం ఒకటుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడే వీలుంది. లోడు మించితే 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున కట్టాలి. ఇదివరకు అది 2,000, టన్నుకు 1,000 మాత్రమే. బరువు పరిమితి చాలడం లేదన్న మొరకు 2018 జులైలో కేంద్రం జవాబిచ్చింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువును 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. కాబట్టి "పరిమితి మరీ తక్కువండీ, ఏం చేయమంటారు" అన్న పాత వాదనకు బలం తగ్గింది.

సరిహద్దు వాసులకు మరో చిక్కు ఉంది. ఆంధ్రలో రిజిస్టరైన బండి 12 నెలలు దాటి కర్ణాటకలోనో, తమిళనాడులోనో ఉంటే 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అలాంటప్పుడు బండినీ కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూసే అధికారి కొత్తవాడు. ఇన్నాళ్లూ ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు తెలిసిన ముఖం చూసి వదిలేసిన మార్పు అక్కడ బయటపడవచ్చు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పని మార్పు కూడా అంతే. నష్టపరిహారం అడిగే రోజునే దాని సంగతి గుర్తుకొస్తుంది.

జరిమానా ఒక్కటే మందు కాదు

ఇంతవరకు తప్పు బండివాడిదీ, మేస్త్రిదీ అన్నట్టే ఉంది. సర్కారుకూ ఇందులో వాటా ఉంది. కేంద్రం నిబంధనలు పెట్టి కొన్ని మార్పులకు ఆమోదం ఇవ్వవచ్చునని, అలా చేసిన మార్పు వల్ల కంపెనీ వారంటీ పోదని 2019 సవరణే 52వ సెక్షన్లో చేర్చింది. గ్యాస్ కిట్లకు ఆమోదించిన కిట్టు, అధికారం ఉన్న బిగింపుదారు, ఆర్సీలో నమోదు అనే పద్ధతి నడుస్తోంది. సస్పెన్షన్ కిట్లకూ అలాంటి స్పష్టమైన దారే కావాలి. ఏ బండికి ఏ కిట్టు పనికొస్తుంది, ఎంత ఎత్తు దాకా సమ్మతం, ఎక్కడ తనిఖీ అన్నది ఒక కాగితం మీద ఉంటే చాటుమాటు పని సగం తగ్గుతుంది. దారి మూసేసి జరిమానా పుస్తకం మాత్రం తెరిచి ఉంచితే పని ఆగదు, చీకట్లోకి పోతుంది. చీకట్లో చేసిన పనికి బిల్లు ఉండదు, జవాబుదారీ ఉండదు.

భాష సంగతి కూడా చిన్నది కాదు. కిట్టుతో వచ్చే కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. ఆర్టీవో ఆఫీసు బోర్డు ఆ రాష్ట్ర భాషలో ఉంటుంది. పని నేర్పే గురువు మాత్రం తెలుగులో చెబుతాడు. ఈ మూడింటి మధ్య జారిపడేది "నడిమి నట్టు విప్పొద్దు" అన్న ఒక్క వాక్యమే అయినా చాలు, ఒక కుర్రాడి చేయి పోవడానికి. సరిహద్దు జిల్లాల ఐటీఐలు, లారీ యజమానుల సంఘాలు, విడిభాగాల వ్యాపారులు కలిసి స్థానిక భాషతో పాటు తెలుగులోనూ రెండు పేజీల సూచనలు అచ్చు వేసి షెడ్లలో అంటించడం పెద్ద ఖర్చు కాదు. నెలకోసారి మేస్త్రీలకు ఒక పూట శిక్షణ పెట్టడం అసాధ్యమూ కాదు.

అంతవరకు బండివారు పాటించగలిగిన కట్టుబాటు ఒకటుంది. లోడు పెంచడానికి స్ప్రింగు మార్చొద్దు. పాడైనది మార్చాలంటే కంపెనీ రకానికి సరిపడేదే వేయండి. కొత్త రకమే కావాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, తరవాతే కిట్టుకు డబ్బు కట్టండి. విప్పడం ఇంట్లో జరిగినా అలైన్‌మెంటు మాత్రం యంత్రం మీదే జరగాలి. ముందు చక్రం మన బండిదే గానీ, అది నడిచే రోడ్డు అందరిదీ. ఆ చక్రం పక్కకు లాగిన క్షణాన ఎదురుగా వచ్చేవాడు ఏ రాష్ట్రం వాడో, ఏ భాష వాడో ఎవరూ అడగరు.