మోటారు దోషి కాదు, ముందు ఎర్తును విచారించండి

పాత కారు వెనుక అద్దం వైపరు మొరాయించగానే "మోటారు పోయింది, మార్చేద్దాం" అని తీర్పు చెప్పేసే ఆనవాయితీ మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. విచారణ లేకుండా శిక్ష వేస్తున్నారు. జరిమానా కట్టేది మాత్రం బండి యజమాని.

కరెంటు మోటారు దాకా వెళ్తే చాలదు, బ్యాటరీ ఋణధ్రువానికి తిరిగి రావాలి. ఆ తిరుగుదారే ఎర్తు. డిక్కీ తలుపు ఎత్తి దించిన ప్రతిసారీ కీలు పక్కనున్న రబ్బరు గొట్టంలో తీగలు వంగుతాయి. ఏళ్ళ తరబడి అలా వంగి వంగి పోగులు తెగిపోతాయి. ఎర్తు బోల్టు కింద తుప్పు పట్టినా ఫలితం అంతే. కీలు ఇనుమే కదా అంటారేమో, రంగూ గ్రీజూ అడ్డున్నచోట దాన్ని నమ్మలేం.

"మీటరు పెట్టి చూశాం, తీగ బాగానే ఉంది" అన్న సమాధానమూ నాకు సమ్మతం కాదు. ఒక్క పోగు మిగిలినా మీటరు కూస్తుంది. మోటారు లాగే కరెంటును మాత్రం ఆ పోగు మోయలేదు. 3 ఆంపియర్లు పారే దారిలో 1 ఓము నిరోధం ఉంటే 3 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి.

కనుక వైపరు స్విచ్చి వేసి ఉంచి, మోటారు ఎర్తు కొసకూ బ్యాటరీ ఋణధ్రువానికీ మధ్య వోల్టేజి కొలవండి. మోటారు తిరుగుతుండగా 0.2 వోల్టుల లోపుంటే ఎర్తు నిర్దోషి. తిరగకుండా 12కు దగ్గరగా చూపితే తిరుగుదారి తెగినట్లే. ఆ స్థితిలో కొత్త మోటారు బిగించినా అదీ కదలదు.

జోరువానలో వెనుక వచ్చే లారీ కనబడాలా వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న. కాదనేవారు వాదించండి, వింటాను.