ఎడారి విల్లా సరే, మన చుట్టిల్లు చూశారా?

ఇన్‌స్టాలో ఇళ్ల రీల్స్ చూసే అలవాటుంటే ఈ ఇల్లు మీకూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. కాలిఫోర్నియా ఎడారిలో, పామ్ స్ప్రింగ్స్‌లో ఉన్న కాఫ్‌మన్ హౌస్. రిచర్డ్ నాయిట్రా డిజైన్, 1946 నాటిది. గాజు గోడలు, ముందు నీలం స్విమ్మింగ్‌పూల్, వెనక బోడికొండలు. అరిజోనాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో మొదలుపెట్టిన టాలీసిన్ వెస్ట్‌ది ఇంకా పెద్ద పేరు. అది ఆయన చలికాలం ఉండే ఇల్లు, స్టూడియో కూడా. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూడాలి.

వీటినెందుకు అంత మెచ్చుకుంటారంటే, అక్కడి నేలనీ ఎండనీ చూసి కట్టారని. రైట్ ఆ ఎడారి రాళ్లనే ఏరించి, కాంక్రీటులో కలిపి గోడలు లేపాడు. కప్పుకి మొదట్లో వాడింది కాన్వాసు గుడ్డ. ఇంకో ట్రిక్కు ఆయనకి బాగా ఇష్టం. గుమ్మం దగ్గర కప్పుని బాగా కిందికి దించేస్తాడు, లోపలికెళ్లాక ఒక్కసారి పైకి లేపుతాడు. ఇరుకులోంచి వచ్చినవాడికి గది ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ ట్రిక్కు చూడ్డానికి వీసా అక్కర్లేదు. విమానాశ్రయం పుణ్యమా అని అందరికీ పేరు తెలిసిపోయిన భోగాపురం ఉంది కదా, అటునుంచి పూసపాటిరేగ వైపు సముద్రం పక్క ఊళ్లలోకి తిరగండి. శ్రీకాకుళం తీరంలోనూ వెతికితే దొరుకుతాయి. చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, పైన గొడుగులా తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, నడుం వంచకుండా లోపలికి వెళ్లలేరు. వంగి వెళ్లి నిలబడి తలెత్తితే, వాసాలన్నీ పైకెళ్లి ఒక్కచోట కలుస్తుంటాయి. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా, కాస్త చీకటిగా ఉంటుంది. ఫోన్ కెమెరాకి ఆ చీకటి అస్సలు నచ్చదు.

ఆ చూరు కిందికి దిగింది అందం కోసం కాదు. మనది తుపాన్ల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటింది. పలకగా ఉన్న గోడని గాలి నేరుగా తోస్తుంది. గుండ్రటి గోడైతే అటూఇటూ జారిపోతుంది. ఇళ్ల కప్పులు ఎక్కువగా ఎగిరేది గాలి చూరు కింద దూరి పైకి లేపడం వల్ల. చూరు నేలకి దగ్గరగా ఉంటే అది దూరే సందు తక్కువ. పైగా వాన గోడకి తగలదు. మట్టిగోడకి ప్రాణం అదే. గోడ కూడా ఒక్కరోజులో లేవదు. మట్టిని తొక్కి, ముద్దలుగా పేర్చి, ఒక వరస ఆరాకే మీద ఇంకో వరస వెయ్యాలి. ఈ లెక్కలన్నీ వేసిన ఆర్కిటెక్టు ఎవరో అడగొద్దు. ఊరే ఆర్కిటెక్టు.

నేను ఆగి చూస్తున్న ఇంటి అరుగు మీద ఓ మామ్మ కూర్చుంది. "ఏటి బాబూ, అలా సూస్తన్నావు, కొంటావేటి?" అంది. తుపాను సంగతి అడిగా. "పక్కింటోల్ల రేకులు ఎగిరిపోనాయి. ఆల్లూ పిల్లల్నట్టుకుని ఇక్కడికే వొచ్చీసినారు" అంది. అలాంటప్పుడు ఈ ఇల్లే మేలు కదా అన్నా. నవ్వింది. "ఆకు మారస్తావేటి నువ్వు? నేసీవోలు లేరు. పిల్లలేమో సలాబు కావాలంతన్నారు" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. తాటాకు కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. ఆకు కొనాలి, కూలి ఇవ్వాలి, అసలు ఆ పని తెలిసినవాళ్లని పట్టుకోవాలి. నిప్పురవ్వ పడిందా, ఇల్లంతా పోతుంది. పాములూ, ఎలకలూ సరేసరి. మట్టిగోడా ఆకుకప్పూ ఉంటే సర్కారు లెక్కలో అది కచ్చా ఇల్లు. పక్కా ఇంటి పథకం వచ్చిందంటే పేదవాడు వదులుకోడు, వదులుకోకూడదు కూడా. మనం ఏసీ గదిలో కూర్చుని 'వారసత్వం' అంటూ ఆవిడని ఆకు కింద ఉండమనడం అన్యాయం.

కానీ నాకు కడుపు మండేది ఇంకోచోట. టాలీసిన్ వెస్ట్ కాన్వాసు కూడా ఎండకి పాడైపోయేది, మార్చుకుంటూనే వచ్చారు. దాన్ని ఎవరూ కచ్చా అనలేదు. దాని వెనక డబ్బుంది, ట్రస్టుంది, టికెట్టుంది. మన చుట్టిల్లు ఆర్కిటెక్చర్ స్టూడెంట్లు కొలతలు రాసుకెళ్లే ప్రాజెక్టు దగ్గరే ఆగిపోతోంది. లేదంటే హైవే రిసార్టులో సిమెంటు గోడకి ప్లాస్టిక్ ఆకు తగిలించి 'ఎత్నిక్ కాటేజీ' అయిపోతోంది. ఆ ఆకు కింద గోడ మళ్లీ నలుచదరమే! కొత్త పక్కా ఇళ్లలో కనీసం మూలలు గుండ్రంగా తిప్పడమో, తీరంలో రేకుల కప్పులకి వాలు పెంచడమో ఎవరైనా ఆలోచించారా అంటే, నాకైతే ఏ కాలనీలోనూ కనిపించలేదు.

వెళ్తే పొద్దున్నే వెళ్లండి, అరుగు ఖాళీగా ఉండదు, మాటలు దొరుకుతాయి. అడక్కుండా రీల్ తియ్యకండి, అది వాళ్ల పడగ్గది. ఆ మామ్మ ఇంటి పక్కనే కొత్త ఇంటికి పునాది తీసి ఉంది. నాలుగు మూలలకీ నాలుగు పిల్లర్లు. సలాబు పడ్డాక చుట్టిల్లు తీసేస్తారా అని అడిగా. "ఎందుకు తీత్తాం? మద్దేనం తొంగోడానికి ఇదే" అంది.