"ఓకే సార్" అనే మాట పైలట్లు ఎందుకు వాడరు?

పోస్టు కొంచెం పొడుగుంది, సెలవు రోజు తీరిగ్గ చదువుండ్రి. సైటు మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ముచ్చట.

ఊరికి పోయేటప్పుడు సీటు ముందల స్క్రీను మీద మ్యాపు చూస్తుంటం కదా. విమానం ఒక్కోసారి సక్కగ పోకుండ వంపు తిరుగుతది. "వీడు దారి తప్పిండా ఏంది" అని నవ్వుకుంటం. దారి తప్పలేదు, దారి మార్చిన్రు. విమానం లేవకముందే ఏ దారిన పోవాలో, ఎంత ఎత్తుల పోవాలో పైలట్‌కు పర్మిషన్ ఇస్తరు. దాన్ని క్లియరెన్స్ అంటరు. కానీ లేచినంక కూడ కింద ఉన్న కంట్రోలర్ దాన్ని మార్చొచ్చు. ముందల ఉరుముల మబ్బు ఉండొచ్చు, ఇంకో విమానం అడ్డం రావొచ్చు, ఒక దేశం తన ఆకాశమే మూసెయ్యొచ్చు. 2025 జూన్ 23 నాడు ఖతర్ ఆకాశం మూసినప్పుడు అదే అయింది. దోహా పోయే విమానాలు గాల్లో ఉండంగనే వేరే ఊర్లకు మళ్లినయి. అందుల మనోళ్లు ఎంతోమంది ఉన్నరు.

అప్పటికప్పుడు ఆర్డర్ మారితే పైలట్లు ఏం చేస్తరు? నా లెక్కల మనం నేర్చుకోవాల్సింది అక్కడనే ఉంది.

ముందు విమానం సక్కగ ఎగరాలె, తర్వాత దారి, ఆ తర్వాతనే మాట. ఇది వాళ్లకు మొదట నేర్పే పాఠం. ఒక పైలట్ నడుపుతుంటే ఇంకో పైలట్ రేడియో చూసుకుంటడు. కొత్త ఆర్డర్ రాంగనే దాన్ని ఉన్నది ఉన్నట్టు తిరిగి చదువుతడు, దిక్కు ఎంత, ఎత్తు ఎంత అని అంకెలతోని సహ. తప్పు చదివితే కంట్రోలర్ అక్కడనే సరిచేస్తడు. దీన్ని రీడ్‌బ్యాక్ అంటరు. కంప్యూటర్ల కొత్త దారి ఎక్కించినంక కూడ ఇద్దరు చూసి, సరే అనుకున్నంకనే విమానాన్ని తిప్పుతరు.

వాళ్ల మాటలు కూడ లెక్క ప్రకారం ఉంటయి. "రోజర్" అంటే నీ మాట మొత్తం వినపడింది అని మాత్రమే. ఒప్పుకున్న అని కాదు. "విల్కో" అంటే అర్థమైంది, అట్లనే చేస్త. "సే అగైన్" అంటే మళ్ల చెప్పు. "అన్‌ఏబుల్" అంటే నాతోని కాదు. నాలుగు సంగతులకు నాలుగు మాటలు. మనం ఈ నాలుగింటికి కలిపి ఒక్కటే మాట వాడుతం, "ఓకే సార్". వినపడకున్నా ఓకే సార్, అర్థం కాకున్నా ఓకే సార్, చెయ్యలేకున్నా మాఫీ ముష్కిల్.

ఈ "ఓకే" ఎంత పని చేస్తదో చూడుండ్రి. 1977 మార్చి 27 నాడు టెనెరిఫే అనే దీవిల, పొగమంచుల, రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు గుద్దుకున్నయి. 583 మంది పోయిన్రు. ఒక విమానం పైలట్‌కు లేచినంక ఏ దారిన పోవాలో మాత్రమే చెప్పిన్రు, లేవమని చెప్పలేదు. ఆయన లేస్తున్నమన్నట్టు చెప్తే టవర్‌ల ఉన్నాయన ముందుగ "ఓకే" అన్నడు. ఆగమని తర్వాత చెప్పిన మాట, ఇంకో విమానం అదే టైముకు మాట్లాడుడుతోని రేడియో గోలల కలిసిపోయింది. ఇంకో విమానం రన్‌వే మీదికెళ్లి తప్పుకుందో లేదో అని ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చి అడిగిండు కూడ. పెద్ద పైలట్ పట్టించుకోలేదు.

ఇంకొకటి 1995 డిసెంబర్ 20 నాడు కొలంబియాల కాలి నగరం దగ్గర. మయామీ నుంచి వస్తున్న విమానానికి కంట్రోలర్ చివర్ల వేరే రన్‌వే ఇస్తనన్నడు. అది దగ్గరి దారి, టైము కలిసొస్తదని పైలట్లు ఒప్పుకున్నరు. అక్కడి నుంచి అంత తొందరనే. కంప్యూటర్ల "ఆర్" అక్షరం కొడితే వాళ్లు అనుకున్న చోటు కాదు, బొగోటా దిక్కున్న వేరే చోటు వచ్చింది. రెండో పైలట్ సరిచూడకముందే విమానం తిరిగింది. కొండకు గుద్దుకొని 159 మంది పోయిన్రు, నలుగురే బతికిన్రు. ఆ మార్పు తప్పనిసరి ఆర్డర్ కూడ కాదు. వద్దు, పాత దారిననే వస్తం అంటే అయిపోయేది.

ఇగ మన సైటు. పొద్దుగాల టూల్‌బాక్స్ మీటింగుల బి సైడ్ షట్టరింగ్ విప్పాలె అని చెప్తరు. పదకొండింటికి ఫోన్ వస్తది, బి కాదు, ఏ సైడ్ అని. ఇంజనీర్ ఇంగ్లీషుల చెప్తడు, ఫోర్‌మెన్ హిందీల చెప్తడు, కింద మనోడు, బంగాలీ, నేపాలీ తలా ఒక తీరు వింటరు. అందరు ఓకే సార్ అంటరు. ఏ సైడ్ స్లాబు పోసి ఎన్ని దినాలైందో అడిగేటోడు ఉండడు. పైన కాంక్రీటు పచ్చిగుంటే కింద జాకీలు తీసేటోని గతి ఏంది?

మీరు అనొచ్చు, పైలట్‌కు చట్టం ఉంది, విమానంల ఆఖరి మాట ఆయనదే, మేము కాదు అంటే ముదీర్ టికెట్ చేతుల పెడ్తడు అని. నిజమే. ఆ భయం లేదని నేను అనను. కానీ రీడ్‌బ్యాక్ అంటే ఎదురు చెప్పుడు కాదు. "సార్, ఏ సైడ్, నాలుగో ఫ్లోర్, జాకీలు తీయాలె, కరెక్టేనా?" అని అడిగితే ఎక్కువల ఎక్కువ విసుక్కుంటరు. ఇక మానుడు సంగతి అంటరా, అది కూడ మన సైటు మీద ఉన్నదే. క్రేన్ నడుస్తున్నప్పుడు ఎవరు ఆపమని చెయ్యి చూపినా ఆపరేటర్ ఆపాలె. ఆ చెయ్యి హెల్పర్‌దా ఇంజనీర్‌దా అని చూడొద్దు. క్రేన్‌కు ఉన్న రూలు జాకీలకు, స్కాఫోల్డింగ్‌కు ఎందుకు ఉండొద్దు?

అసలు బాధ్యత నాలాంటి సూపర్‌వైజర్లది, ఫోర్‌మెన్లది. ఆర్డర్ మార్చినప్పుడు "సమజైందా?" అని అడిగితే లాభం లేదు. ఎవడైనా సమజైంది అనే అంటడు. "నేనేం చెప్పిన్నో నువ్వు చెప్పు" అనాలె. వాడు తన భాషల చెప్పినా సరే. తప్పు చెప్తే కోపం చెయ్యొద్దు, అది పని మొదలు కాకముందే బయటపడ్డ తప్పు. ఎవడన్న అనుమానం అడిగితే టెనెరిఫే పెద్ద పైలట్ లెక్క కొట్టిపారెయ్యొద్దు. పోయేది అర నిమిషం.

అన్నలారా, ఇంటికాడ మన ఫోన్ కోసం చూసేటోళ్లు ఉన్నరు. అర్థం కాని ఆర్డర్‌కు ఓకే సార్ అనకుండ్రి. మీ సైటుల ఆర్డర్ మారినప్పుడు ఎట్ల చెప్తరో, మళ్ల అడిగితే ఏమంటరో కింద రాయుండ్రి. ఫోర్‌మెన్ దోస్తులు ఉంటే వాళ్లకు కూడ పంపుండ్రి.